ఓబయ్య గారికి మాత్రమే

అమ్మకానికి పెట్టే ప్రతి వస్తువుకీ సుచిత్ర ముందు స్నానం చేయించేది. కుక్కరైనా, కుర్చీ అయినా, స్టోర్ రూములో నాలుగేళ్ళుగా దుమ్ము తింటున్న పొడుగు దీపమైనా సరే, తోమి, కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, హాల్లో కిటికీ వెలుగులో కూర్చోబెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసేది.

"వదిలించుకునేదానికి ఇంత సింగారం ఎందుకే?" అని నవ్వేవాడు ఉపేంద్ర.

"మన ఇంట్లోంచి మురికిగా వెళ్తే మన పేరేగా పోయేది" అనేది ఆమె.

ఫోను యాప్‌లో పాత సామాను కొనేవాళ్ళు పేరు అడగరు. ఆ యాప్‌లో అందరివీ మారుపేర్లే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా తోమేది.

ఆ రోజుల్లో సింగపూరులో చాంగీ వైపు కొత్త బ్యాంకు ఆఫీసు ఒకటి తెరిస్తే టాంపినీస్‌లో నాలుగు తెలుగు కాపురాలు దిగేవి. ఇంకెక్కడో మరో కంపెనీ జీతం పెంచి పిలిస్తే రెండు కాపురాలు లేచేవి. ఈసారి పిలుపు ఉపేంద్రకి వచ్చింది. పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాటు అద్దెకి దొరికింది. హాలు పెద్దది, బాల్కనీలోంచి నీళ్ళు కనిపిస్తాయి, వంటిల్లు మాత్రం అగ్గిపెట్టంత. నెలాఖరుకి ఇల్లు మారాలి. బుధవారం నాటికి పద్నాలుగు వస్తువులు గడప దాటాయి. మిగిలినవాటిలో బరువైనది గ్రైండరు.

ఆ గ్రైండరు సుచిత్ర చూసినన్ని దేశాలూ చూసింది. కోయంబత్తూరులో పుట్టి, అమెరికా వెళ్ళి న్యూజెర్సీలో ఒక దేశీ కొట్లో అమ్ముడుపోయి, వీళ్ళ సామానుతోపాటు ఓడెక్కి సింగపూరు చేరింది. ఇప్పుడు దాని కింద ఆమె ఇంగ్లీషులో 'పర్‌ఫెక్ట్ వర్కింగ్ కండిషన్' అని రాసి, ఉపేంద్ర ఖాతాలో ఇరవై డాలర్లు అని పెట్టింది. దాన్ని కడిగి ముగించేసరికి కుడిచేతి వేళ్ళు చిమచిమలాడుతున్నాయి.

ఇది ఆరు నెలలుగా ఉన్నదే. పొద్దున్నే వంటింటి పని ముగిసేసరికి వేళ్ళ చివర్లలో చీమలు పాకినట్టు ఉంటుంది. క్లినిక్కులో డాక్టరమ్మ, శాకాహారులకి ఇది మామూలేనని చెప్పి విటమిన్ బిళ్ళలు రాసిచ్చింది. సుచిత్ర అంతటితో ఊరుకోకుండా ఇంటర్నెట్‌లో చదివింది. చదివిన దగ్గర్నుంచీ నరాల జబ్బుల పేర్లు ఒక్కొక్కటే వచ్చి గుండెల మీద కూర్చున్నాయి. ఉపేంద్రకి చెప్పలేదు. బిళ్ళల అట్ట హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పెట్టుకుని తిరిగేది.

గురువారం సాయంత్రం ఆరింటికి వస్తానన్న మనిషి ఏడున్నరకి వచ్చాడు. చాట్‌లో పేరు నూకరాజు. వచ్చింది మాత్రం నూకరాజు కాదు. నలభై అయిదేళ్ళుంటాయి. ఒంటి మీద షిప్‌యార్డు వాళ్ళ నీలం బట్టలు, చేతిలో మడిచిన నైలాను సంచీ. గేటు బయటే బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా విప్పి బూట్లలో కుక్కి, వాటిని గోడవారగా సర్ది పెట్టాడు.

"నూకరాజు మా రూములో కుర్రోడండి. నా ఫోన్లో ఆ యాప్పు నేదు. నా పేరు ఓబయ్యండి. మాది ఇచ్ఛాపురం పక్కన."

వారం రోజులుగా 'హాయ్, లాస్ట్ ప్రైస్?' తప్ప మరో పలకరింపు ఎరగని సుచిత్రకి ఆ మాటలు వినగానే ముఖం విప్పారింది. "తెలుగువాళ్ళా! రండి, లోపలికి రండి" అంది.

ఉపేంద్ర సోఫాలోంచి లేవలేదు. ల్యాప్‌టాప్ మీది నుంచి తల మాత్రం ఎత్తాడు. "ఆరింటికన్నావు కదా?"

"ఓటీ పడిపోనాదండి. సూపర్‌వైజరు ఒగ్గలేదు."

"గంటన్నర నుంచి నీకోసం కూర్చున్నాం. అవతల ఇంకో ఇద్దరు అడుగుతున్నారు."

ఎవరూ అడగటం లేదు. అది సుచిత్రకి తెలుసు. తనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి భర్త నువ్వు అనడం ఆమెకి చివుక్కుమంది. ఆఫీసులో వాళ్ళెవరైనా వచ్చి ఉంటే, ఆరుకీ ఏడున్నరకీ తేడా ఉందని కూడా ఇతనికి గుర్తుండేది కాదు. ఆ మాట పైకి అనలేక ఆమె వెళ్ళి ఓబయ్యకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

వంటింట్లో ఓబయ్య గ్రైండరు చుట్టూ నెమ్మదిగా చూశాడు. రాళ్ళు పైకెత్తి అరుగుదల తడిమాడు. బెల్టును వేలితో నొక్కాడు. పక్కకి ఒరిగించి, అడుగున అతికించి ఉన్న చిన్న రేకు బిళ్ళని మెడ వంచి చదివాడు.

"ఇంతదూరం మోసుకెళ్ళే బదులు అక్కడే కొత్తది కొనొచ్చు కదండీ?" అంది సుచిత్ర, అమ్మేవాళ్ళు అనకూడని మాట.

"కొత్తదాని కరీదుకి మా పాప హాస్టలు పీజు వచ్చేస్తాదండి. మా యావిడ ఇడ్లీ బండి ఎట్టింది మేడమ్. రోట్లో రుబ్బి రుబ్బి రెక్కలు పడిపోతన్నాయి. ఆదివారం ఎల్తన్నాను. సోమారం సాయంత్రానికి పప్పు నానబెట్టీమని సెప్పీసినాను."

సుచిత్ర ఎప్పుడూ పెట్టే చోటే ప్లగ్గు పెట్టి, డ్రమ్ములో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, స్విచ్చి వేసింది. రాళ్ళు గరగరమంటూ తిరిగాయి. ఓబయ్య కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత కుడి చెయ్యి వెనక్కి తిప్పి, పిల్లకి జ్వరం చూసినట్టు వేళ్ళ వెనక భాగంతో స్టీలు డ్రమ్మును తాకాడు. వెంటనే తీసేశాడు. మళ్ళీ తాకాడు. అతని చూపు వైరు వెంబడి గట్టు కిందికి వెళ్ళింది.

"మేడమ్, ఈ కింద..."

"పనిచేస్తోంది కదా, ఇంకేం చూస్తావు?" ఉపేంద్ర గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "తీసుకుంటావా, వద్దా? ఎనిమిదింటికి నాకు కాల్ ఉంది."

ఓబయ్య ఆ మాట అక్కడే ఆపేశాడు. జేబులోంచి రెండు నోట్లు తీసి, మడతలు విప్పి, గట్టు మీద పెట్టాడు. రాళ్ళని తువ్వాల్లో విడిగా చుట్టాడు. నీళ్ళు వంపి తుడిచిన డ్రమ్మును సంచీలోకి దింపబోతుంటే సుచిత్ర ఆగమంది. ఖాళీ పాత్ర గడప దాటించకూడదని, డబ్బాలోంచి గుప్పెడు మినప్పప్పు తీసి అందులో వేసింది. పిండి గీసుకునే గరిటె కూడా ఊరికే ఇచ్చింది. ఓబయ్య ఆమెకేసి ఒకసారి చూసి, ఏదో అనబోయి, గుమ్మంలో ఉన్న ఉపేంద్రని చూసి, "ఎల్లొస్తానండి" అని మాత్రం అన్నాడు.

అతను వెళ్ళిన అరగంటకి ఉపేంద్ర కాల్‌లో ఉండగానే అతని ఫోను టింగుమంది. తెర మీద మొదటి ముక్క కనిపించింది. 'సర్ వన్ ప్రాబ్లమ్ దేర్...' అని ఉంది. ఉపేంద్ర మైకు మూసి, "చూశావా, మొదలైంది" అన్నాడు. "తీసికెళ్ళాక ఏదో వంక పెట్టి సగం డబ్బులు వెనక్కి అడుగుతారు. వీళ్ళకిది మామూలే."

"ఏమిటో చదవండి ముందు."

"చదివితే జవాబివ్వాలి." బొటనవేలితో బ్లాక్ నొక్కాడు. చాట్ కూడా తుడిచేశాడు. అంతా అయ్యేసరికి పది సెకన్లు కూడా పట్టలేదు.

శుక్రవారం పొద్దున్న సుచిత్ర వంటింటి గట్టు కింది అరలు ఖాళీ చేయడానికి నేల మీద చతికిలబడింది. నూనె డబ్బా తీసింది, పాత పేపర్ల కట్ట తీసింది. వాటి వెనక నల్లడబ్బా కనిపించింది. ఇటుకంత వెడల్పు, దానికి రెండింతల ఎత్తు, ముందువైపు ఎర్రదీపం వెలుగుతూ ఉంది.

"అందరినీ పంపించేసి నువ్వొక్కదానివే మిగిలావా" అని నవ్వింది. దాన్నుంచి పైకి వచ్చే ప్లగ్గు బోర్డు ఖాళీగా ఉంది. అందులో ఉండే వైరు ఏదని వెతికింది. ఆ వైరు గ్రైండరుది.

నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

అమెరికా కరెంటు నూట పది. ఇక్కడిది రెండు వందల ముప్పై. ఇండియాది కూడా అంతే. ఈ ఊళ్ళో దిగిన మొదటి వారంలోనే అమెరికా టోస్టరుని నేరుగా గోడకి తగిలిస్తే, ఫట్‌మని పొగ లేచి, ఆ మాడు కంపు మూడు రోజులు ఇల్లు వదల్లేదు. ఆ తర్వాతే, అమెరికా నుంచి వచ్చి మళ్ళీ అమెరికాకే పోతున్న మరో తెలుగువాళ్ళ దగ్గర ఈ నల్లడబ్బా కొన్నారు. గోడ కరెంటుని మింగి, సగం చేసి ఇస్తుంది. నాలుగేళ్ళలో అదీ గోడలో భాగమైపోయింది. అలాంటిది ఒకటుందన్న సంగతే మరిచిపోయారు. గ్రైండరు మీద మనవాళ్ళ కంపెనీ పేరు చూసి, అది ఇండియా కరెంటుకి పనికిరాదని ఎవరనుకుంటారు?

సోమవారం సాయంత్రం ఇచ్ఛాపురం పక్క ఊళ్ళో ఒకావిడ పప్పు నానబెట్టి, డ్రమ్ములో పోసి, స్విచ్చి వేస్తుంది. ఆమె ముందు పొగ లేస్తుంది. రోటికి సెలవు చెప్పిన మర్నాడే మళ్ళీ రోటి ముందు కూర్చోవాలి. అది తలుచుకుని సుచిత్ర గోడలోంచి నల్లడబ్బా ప్లగ్గు లాగేసింది. ఎర్రదీపం ఆరిపోయింది.

ఆఫీసుకి ఫోను చేసింది. ఉపేంద్ర అంతా విని, "సుచీ, అది ఇరవై డాలర్ల వస్తువు. కాలిపోతే అక్కడెవడో బాగుచేస్తాడు" అన్నాడు.

"సోమవారం పప్పు నానబెడతారండీ."

"ఎవరు?"

"వాళ్ళావిడ."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "చాట్ తుడిచేశాను కదా. ఆ కుర్రాడి పేరు పక్కన ఏదో నంబరు ఉంది. అది కూడా గుర్తులేదు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అన్నాడు. ఈసారి గొంతులో విసుగు లేదు.

మధ్యాహ్నం పక్క ఫ్లాటులో ఉండే అన్వరి బేగం కర్టెన్ల కోసం వచ్చింది. మలక్‌పేట మనిషి. కొడుకు ఉద్యోగం పుణ్యమా అని పదేళ్ళుగా ఈ బ్లాకులోనే ఉంది. కర్టెన్లు ఒళ్ళో పెట్టుకుని సుచిత్ర చెప్పిందంతా విని, "గింతేనా! పరేషాన్ గాకు బేటా" అంది. "వస్తువులు అమ్మనీకి బజార్ల పెట్టినవ్ గదా. మనిషిని దేవులాడనీకి గూడ గా బజార్లనే పెట్టు."

"మనిషిని ఎలా పెడతాను ఆంటీ?"

"డబ్బా ఫొటో పెట్టు. కింద తెలుగుల రాయి. ఇంగ్లీషుల రాస్తే దునియా అంత చదువుతది. తెలుగుల రాస్తే మనోళ్ళే ఆగి చూస్తరు."

ఆ తెలివికి సుచిత్ర ఆమె చేతులు పట్టుకుని ఊపేసింది. అలవాటు కొద్దీ ముందు నల్లడబ్బాని తుడిచింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫొటో తీసింది. తన ఫోనులో కొత్త ఖాతా తెరిచి, ధర దగ్గర సున్నా పెట్టింది. పేరు దగ్గర తెలుగు అక్షరాల్లో ఇలా రాసింది: 'గురువారం టాంపినీస్‌లో గ్రైండరు కొన్న ఓబయ్య గారికి మాత్రమే. ఇది లేకుండా గ్రైండరు వేయకండి. కాలిపోతుంది. దయచేసి మెసేజీ పెట్టండి.'

శనివారం తెల్లవారేసరికి ముప్పై మెసేజీలు. సున్నా ధర చూసి ఊరంతా వచ్చి వాలింది. 'స్టిల్ అవైలబుల్?' అని పదిమంది అడిగారు. 'జురాంగ్‌కి తెచ్చిస్తారా?' అని ఒకరు. 'ఫ్రీ ఆ? వై ఫ్రీ? గాట్ ప్రాబ్లమ్, ఈజ్ ఇట్?' అని ఒక పెద్దాయన నిలదీశాడు. సుచిత్ర అందరికీ ఓపిగ్గా సారీ చెప్పుకుంటూ వచ్చింది.

పదింటికి మొదటి తెలుగు మెసేజీ వచ్చింది. 'అక్కా, నేనే ఓబయ్య, నాకివ్వండి.' ఆమె గుండె ఎగిరిపడింది. మీ ఊరేదని అడిగితే, 'కరీంనగర్ అక్కా. ఊకె మజాక్ చేసిన. నా పేరు గంగాధర్. మీ పోస్టు మా డార్మిటరీ గ్రూపుల పెట్టిన, ఫికర్ చెయ్యకు' అని వచ్చింది. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. ఆ తర్వాత వరస కట్టాయి. టువాస్ నుంచి ఒకరు, క్రాంజి నుంచి ఒకరు. ఓబయ్య తెలియదు గానీ వెతుకుతామని కొందరు, ఇంత చిన్నదానికి ఇంత బాధపడే మేడమ్ ఎవరో చూడాలని ఉందని ఒకరు.

అట్టపెట్టెలకి టేపు వేస్తూ, మధ్యమధ్య ఫోను చూసుకుంటూ గడిపిందామె ఆ రోజంతా. సాయంత్రానికి ఇంకో సంగతి గమనించింది. నిన్నటి నుంచీ వేళ్ళు చిమచిమలాడలేదు. బిళ్ళలు పనిచేయడం మొదలుపెట్టినట్టున్నాయి అనుకుని, మధ్యాహ్నం మరిచిన బిళ్ళ కూడా వేసుకుంది.

అయిదింటికి వచ్చింది అసలు మెసేజీ. 'అక్కా నేను నూకరాజు. మీరు గ్రైండరు అక్కేనా? అన్న రేపు పదింటికి టెక్కా మార్కెట్టు వెనకాల పెట్టిలు కట్టే కాడ ఉంటాడు. సాయంత్రం ఫ్లైటు. మీతో మాటాడాల అంతన్నాడు.'

ఆమె హాల్లో సగం సర్దిన పెట్టెల మధ్య ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఉపేంద్ర గదిలోంచి వచ్చాడు. మెసేజీ చదివాడు. నల్లడబ్బాని ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు. "ఏడు కిలోలుంటుంది. నువ్వు మొయ్యలేవులే" అన్నాడు. వస్తానని అతను ఆ విధంగా చెప్పాడు.

ఆదివారం రైల్లో నల్లడబ్బా ఉపేంద్ర కాళ్ళ మధ్య కూర్చుంది. దిగాక బియ్యం సంచీలో వేసుకుని భుజాలు మారుస్తూ నడిచాడు. సెరంగూన్ రోడ్డు అప్పటికే కిటకిటలాడుతోంది. వారం మొత్తానికి ఒక్క సెలవు దొరికిన వాళ్ళంతా ఆ నాలుగు వీధుల్లోనే ఉన్నారు. మార్కెట్టు వెనక, కొట్ల ముందు వరండాలో పదిమంది నేల మీద కూర్చుని పెట్టెలు కడుతున్నారు. టేపు లాగిన చప్పుడు కీచుమని ఆగకుండా వస్తోంది. ఒకడు పెట్టెకి కొక్కెం తగిలించి తూకం చదువుతున్నాడు. కిలో ఎక్కువైనవాడు పెట్టె విప్పి, సబ్బులు తీయాలో బొమ్మలు తీయాలో తేల్చుకోలేక తల పట్టుకున్నాడు.

ఓబయ్య ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వీళ్ళని చూడగానే చేతులు తుడుచుకుంటూ లేచాడు. పక్కనే ఉన్న పల్చటి కుర్రాడు నూకరాజు తనే అన్నట్టు నవ్వాడు.

సుచిత్ర నమస్కారం కూడా మరిచిపోయింది. "ఓబయ్య గారూ, మేం చాలా పెద్ద తప్పు చేశామండీ. అది అమెరికా గ్రైండరు. నేరుగా పెడితే కాలిపోతుంది. మీకు చూపించినప్పుడు దీనికే తగిలించి ఉంది. నాకు గుర్తే లేదు, నిజంగా గుర్తులేదండీ. మీ ఆవిడ సోమవారం..." అంటూ ఊపిరి తిరగనంతగా చెప్పుకుపోయింది.

ఓబయ్య అంతా వినేదాకా ఆగాడు. "తెలుసండి మేడమ్" అన్నాడు.

"తెలుసా?"

"అడుగున రేకు మీద రాసున్నాది గదండి, నూట పదని. మా యార్డులో పనిముట్లన్నీ నూట పదే. తడిలో పని గదా, పెద్ద కరెంటు సేతికియ్యరు. పన్నెండేళ్ళ బట్టి అదే పని నాది, ఎలక్ట్రీషన్ని. మా బావమరిదికి పలాసలో వైండింగు సాపున్నాది. రేపు పొద్దున్నే ఎర్తు సూసుకుని, మోటారు మార్పిచ్చేసి, సాయంత్రానికి ఎట్టేస్తాను. నూట పది కాబట్టే ఇంత సౌకగా ఇస్తన్నారు అనుకున్నాను."

సుచిత్ర పక్కనున్న పెట్టె మీదే కూర్చుండిపోయింది. అది ఎవరి పెట్టో కూడా చూడలేదు. మూడు రోజులుగా కళ్ళ ముందు లేస్తున్న ఆ పొగ ఒక్కసారిగా విడిపోయింది. ఆమెకి నవ్వొచ్చింది. "అయ్యో, మరి ఆ మెసేజీ? ఏదో ప్రాబ్లమ్ అని పెట్టారట?" అని అడిగింది.

ఓబయ్య ముఖంలో నవ్వు తగ్గింది. "అది గ్రైండరు కోసరం కాదండి. ఈ డబ్బా కోసరం."

ఉపేంద్ర భుజం మీంచి సంచీ అందుకుని కింద పెట్టాడు. నూకరాజు స్క్రూడ్రైవరు ఇచ్చాడు. ఓబయ్య నాలుగు మూలలా నాలుగు మరలు విప్పి, పై రేకు ఎత్తి, వెలుతురుకి తిప్పాడు. లోపల వైరు మీది తొడుగు ఎండి, పొట్టులా రాలిపోతోంది. బయటపడ్డ రాగి తీగ ఇనప గోడని ఆనుకుని ఉంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన ఇంకో తీగని ఎవరో ఏనాడో మొదలంటా కత్తిరించేశారు.

"ఇది ఎర్తు తీగండి. ప్లగ్గులో పట్టలేదని కోసీసుంటారు. కరెంటు డబ్బాకొచ్చి, డబ్బాలోంచి గ్రైండరుకి ఎల్లిపోతన్నాది. ఆయేళ డ్రమ్ము ముట్టుకుంటే నా సేతికి తెలిసిపోనాది. నా సెయ్యి పొడిది గాబట్టి సరిపోనాది. మీరు తడి సేత్తో రుబ్బుతారు గదా మేడమ్. మీకెప్పుడూ సిమసిమలాడలేదా?"

సుచిత్ర కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, వాటికేసి చూసుకుంది. ఆరు నెలలు. రోజూ పొద్దున్నే. గురువారం గ్రైండరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ లేదు. హ్యాండ్‌బ్యాగు తెరిచి బిళ్ళల అట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్క నవ్వు, ఒక పక్క కళ్ళనిండా నీళ్ళు. జబ్బు లేదు. తనకి ఏ జబ్బూ లేదు.

"ఏమిటవి?" అన్నాడు ఉపేంద్ర.

చెప్పింది. వేళ్ళ సంగతి, ఇంటర్నెట్ సంగతి, భయం సంగతి, అన్నీ నడివీధిలో, ముక్కూ మొహం తెలియని పదిమంది మధ్య చెప్పేసింది. నెలకోసారి ఇంట్లో కరెంటు టక్కున పోతే, పాత ఫ్లాటు కదా అని ఇంటి ఓనరు అన్న మాట ఉపేంద్రకి గుర్తొచ్చింది. అతని ముఖం పాలిపోయింది.

నూకరాజు ఫోను తెరిచి, గురువారం పంపిన మెసేజీ అతని ముందు పెట్టాడు. 'సర్ వన్ ప్రాబ్లమ్ దేర్. కరెంట్ బాక్స్ లీకింగ్. ప్లీజ్ టెల్ మేడమ్ డోంట్ టచ్ వెట్ హ్యాండ్. డేంజర్.' దాని కింద ఇంకేమీ లేదు.

"తరవాత పంపితే ఎల్లలేదు సార్" అన్నాడు నూకరాజు. "అన్న నిన్న మద్దేనం డ్యూటీ దిగి మీ బ్లాకు కిందికి ఒచ్చినాడు. చాట్‌లో బ్లాకు నంబరే ఉన్నాది, అంతస్తులన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎన్నోదో ఆనవాలు దొరకలేదు. గంట సేపు కిందే నిలబడి ఒచ్చీసినాడు. తిరిగొచ్చేతలికి మీ పోస్టు కనబడ్డాది."

ఉపేంద్ర ఫోను మీంచి తల ఎత్తాడు. "ఓబయ్య గారూ" అన్నాడు. ఆ 'గారు' కొంచెం తడబడుతూనే వచ్చింది, కానీ వచ్చింది. "నేను మీ మెసేజీ చదవలేదండీ. చదవకుండానే మిమ్మల్ని బ్లాక్ చేశాను. డబ్బులు వెనక్కి అడుగుతారనుకున్నాను. ఆ రోజు మీరు చెప్పబోతుంటే నేనే ఆపాను."

వినడానికి ఓబయ్యకే ఇబ్బందిగా ఉన్నట్టుంది. "పోన్లెండి బాబూ. అమ్మ బాగుంది, సాలు" అన్నాడు. వైర్లు కోసే శ్రావణం అందుకుని నల్లడబ్బా వైరుని మొదట్లో కటుక్కున కత్తిరించాడు. తెగిన ప్లగ్గుని సుచిత్ర చేతిలో పెట్టాడు. "ఇంక దీన్నెవులూ గోడకెట్టలేరు. ఇనపసామానుకి ఏసీండి. ఫ్రీగా కూడా ఎవులికీ ఇయ్యకండి."

టేపు వేయడం అయిపోయింది. తాడు కట్టడం మిగిలింది. ఓబయ్య పెట్టె చుట్టూ నైలాను తాడు రెండు వరసలు తిప్పి, గట్టిగా బిగించి, ముడి వేయడానికి మూడో చెయ్యి కోసం చూశాడు. నూకరాజు తూకం కొక్కెం తేవడానికి వెళ్ళి ఉన్నాడు. ఉపేంద్ర వరండా నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు.

"ఎక్కడ పట్టుకోమంటారు?"

"ఇక్కడ ఏలెట్టండి బాబూ. నొక్కీసి పట్టండి. నేను సెప్పేదాకా తియ్యకండి."

ఉపేంద్ర వేలు పెట్టాడు. ఓబయ్య తాడు లాగి ముడి బిగించాడు. తియ్యండన్నాక కూడా ఉపేంద్ర ఒక క్షణం ఆగి తీశాడు. వేలి మీద తాడు అచ్చు ఎర్రగా పడింది. తూకం ముప్పై కిలోలు దాటకుండా ఇరవై తొమ్మిదిన్నర వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు, సొంత పెట్టె తూగినంత సంతోషపడ్డారు.

తిరుగు రైల్లో ఇద్దరూ బరువేమీ లేకుండా కూర్చున్నారు. నల్లడబ్బాని నూకరాజు యార్డులో పాత ఇనుములో వేస్తానని తీసుకుపోయాడు. సుచిత్ర ఫోను తెరిచింది. అరవై ఒక్క మెసేజీలు. ఫ్రీ ఎందుకు, ఏం ప్రాబ్లమని అడిగిన పెద్దాయనకి, మీరన్నది నిజమేనని ఇంగ్లీషులో జవాబిచ్చి, ఆ ఫొటో తీసేసింది. పక్కన ఉపేంద్ర తన ఫోనులో బ్లాక్ చేసినవాళ్ళ జాబితా ఎక్కడుంటుందో వెతుకుతున్నాడు. పదకొండు పేర్లున్నాయి. దిగాల్సిన స్టేషను వచ్చేదాకా ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.

మంగళవారం పొద్దున్న, దాదాపు ఖాళీ అయిపోయిన వంటింట్లో ఆమె చివరి గిన్నెలు కడుగుతుండగా నూకరాజు నుంచి ఒక ఫొటో వచ్చింది. స్టీలు డ్రమ్ము, అందులో తెల్లటి పిండి నురగ, దాని అంచు మీద ఆనించిన ఒక ఆడమనిషి చెయ్యి. ఆకుపచ్చ గాజులు. మణికట్టు దాకా తడి. 'మీ గుప్పెడు పప్పు కూడా ఇందులో కలిపీసినారట అక్కా' అని కింద రాసి ఉంది.

సుచిత్ర ఆ తడి చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత, సబ్బు నురగతో ఉన్న వేళ్ళు తుడుచుకోకుండానే టైపు చేసింది: 'ఎర్తు పెట్టించారా?'

జవాబు వెంటనే వచ్చింది. 'అన్న ముందు అదే పెట్టించినాడక్కా. ఆ తరవాతే పప్పు నానెట్టనిచ్చినాడు.'